జీతం స్లిప్పులో కటింగులు: ఏది ఎంత, ఎందుకు, ఎక్కడికి

సంక్రాంతికి వారం ముందు మా వీధి చివరింటి కుర్రాడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. ఏర్పేడు దగ్గర ఒక ఫ్యాక్టరీలో చేరి మూడో నెల. "నెలకు 22,667 అని రాసిచ్చినారన్నా. చేతికి 17,630 వచ్చింది. ఐదు వేలు యాడికి పోయినట్టు? పైగా చూడు, ఒకే 150 రెండు తూర్లు కోసినారు!"

నేను రేణిగుంట పక్కన ఒక కంపెనీలో పదకొండేళ్లు జీతాల లెక్కలు చూశాను. ప్రతి నెలా మొదటి వారంలో ఈ ప్రశ్నే వినేవాణ్ణి. ఆ అబ్బాయి డిసెంబరు స్లిప్పునే ముందు పెట్టుకుని, ఒక్కో గీత ఎలా చదవాలో చెబుతాను. మీ స్లిప్పు కూడా పక్కన తెరిచి పెట్టుకోండి.

అతని స్లిప్పు ఇదీ:

మూల వేతనం, డీఏ (కరువు భత్యం) కలిపి: 12,000
ఇంటి అద్దె అలవెన్స్: 4,800
స్పెషల్ అలవెన్స్: 3,200
మొత్తం: 20,000

పీఎఫ్ (భవిష్య నిధి): 1,440
ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా): 150
వృత్తి పన్ను: 150
క్యాంటీన్: 600
కార్మిక సంక్షేమ నిధి: 30
కోతలన్నీ కలిపి: 2,370

చేతికి వచ్చేది: 17,630

మొదటి పని: ఆఫర్ లెటర్ అంకెను పక్కన పెట్టండి

22,667 అన్నది జీతం కాదు, మనిషిని పెట్టుకున్నందుకు కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు. సీటీసీ అంటారే, అది. అందులో 20,000 జీతం. మిగతాది కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 650, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) కోసం పక్కన పెట్టే 577. ఈ మూడూ కలిపితే 2,667. ఈ డబ్బు మన స్లిప్పులోకి రానేలేదు, ఇక కోసేది ఎక్కడ? కుర్రాడు వెతుకుతున్న 5,037లో సగానికి పైగా ఇక్కడే తేలిపోయింది.

గ్రాట్యుటీని నెలకు లెక్కగట్టి చూపిస్తారు గానీ, మామూలుగా ఐదేళ్లు పనిచేస్తేనే చేతికొస్తుంది. మూడేళ్లకే మానేసే ఉద్దేశం ఉంటే ఆ అంకెను లెక్కలోంచి తీసేసి చూసుకోండి. పెళ్లిచూపుల్లో సీటీసీ చెప్పుకుంటే చెప్పుకోండి, బైక్ ఈఎంఐ మాత్రం చేతికొచ్చే అంకెను బట్టే తీసుకోండి.

రెండో పని: కోతల కంటే ముందు రోజులు

స్లిప్పు పైభాగంలో ఎన్ని రోజులకు జీతం ఇచ్చారో ఉంటుంది. లాస్ ఆఫ్ పే (జీతం ఇవ్వని రోజులు) అనే గీతలో సున్నా ఉందో లేదో చూడండి. నా అనుభవంలో తప్పులు ఎక్కువగా దొర్లేది కటింగుల్లో కాదు, ఇక్కడే. పంచింగ్ మెషీన్ వేలిముద్ర తీసుకోక ఒక రోజు పోతుంది, నైట్ షిఫ్ట్ మారిన రోజు రెండు తేదీల మధ్య పడి ఇంకొకటి పోతుంది.

రోజు పోతే ఎంత పోతుందన్నది కంపెనీ దేనితో భాగిస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. 20,000ను 30తో భాగించి రెండు రోజులు తీస్తే 1,333 పోతుంది. 26తో భాగిస్తే 1,538. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే. మీ దగ్గర ఏదో హెచ్‌ఆర్‌ను ఒక్కసారి అడిగి రాసిపెట్టుకుంటే చాలు.

మూడో పని: పీఎఫ్, దీని దగ్గర కాసేపు కూర్చోండి

ఇది పన్ను కాదు, మీ డబ్బే. మూల వేతనం, డీఏ కలిపిన మొత్తం మీద 12 శాతం. మన కుర్రాడికి 12,000 మీద 1,440. కంపెనీ కూడా అంతే వేయాలి. కానీ పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడగానే అందరికీ వచ్చే అనుమానం అతనికీ వచ్చింది: "నాది 1,440 పడింది, కంపెనీది 440 మాత్రమే పడింది. వెయ్యి మింగేసినారా?"

మింగలేదు. కంపెనీ వాటా రెండుగా చీలుతుంది. 8.33 శాతం పెన్షన్ పథకానికి వెళ్తుంది, మిగిలిన 3.67 శాతమే పీఎఫ్ ఖాతాలో చేరుతుంది. 12,000 మీద 8.33 శాతం అంటే 1,000. పాస్‌బుక్‌లో మూడో గడిలో, పెన్షన్ కింద ఆ వెయ్యి కనిపిస్తుంది. ఈ పెన్షన్ లెక్క 15,000 జీతం దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఎంత పెద్ద ఉద్యోగికైనా ఆ గడిలో మామూలుగా 1,250 దాటదు. పదేళ్ల సర్వీసు నిండితే నెలనెలా పెన్షన్‌కు అర్హత వస్తుంది. అందుకే ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ తీసేసుకునేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కొత్త కంపెనీ ఖాతాకు మార్చుకోండి, సర్వీసు కలుస్తుంది.

15,000 అనే పరిమితి 2014 సెప్టెంబరు నుంచి ఉన్నది. చాలామంది స్లిప్పుల్లో పీఎఫ్ సరిగ్గా 1,800 అని ఎందుకుంటుందో దీంతోనే తెలుస్తుంది: 15,000 మీద 12 శాతం. మూల వేతనం 30,000 ఉన్నవాళ్లకు కొన్ని కంపెనీలు 1,800 దగ్గర ఆపుతాయి, కొన్ని పూర్తి జీతం మీద 3,600 వేస్తాయి. రెండూ చెల్లుతాయి.

ఇప్పుడు ఆ స్లిప్పులో నాకు నచ్చని ఒక సంగతి. స్పెషల్ అలవెన్స్ 3,200 అక్కడ పనిచేసే అందరికీ, ప్రతి నెలా, ఒకేలా ఇస్తున్నారు. ఇలా అందరికీ మామూలుగా ఇచ్చే అలవెన్స్‌ను మూల వేతనంలో కలిపే పీఎఫ్ లెక్కగట్టాలని 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో వేతనానికి ఇచ్చిన నిర్వచనమూ అదే దారిలో ఉంది. ఇంటి అద్దె అలవెన్స్ లాంటి కొన్నింటిని వేతనం నుంచి మినహాయించవచ్చు, అదీ మొత్తం జీతంలో సగం దాటకుండా. స్పెషల్ అలవెన్స్ ఆ మినహాయింపుల జాబితాలో లేదు. కలిపి చూస్తే 15,200 అవుతుంది, 15,000 దగ్గర ఆపినా పీఎఫ్ 1,800 కోయాలి.

అది చెప్పగానే కుర్రాడు కంగారుపడ్డాడు. "వద్దులేన్నా, ఇంకా 360 కోస్తారా!" నిజమే, చేతికొచ్చేది 360 తగ్గుతుంది. కానీ కంపెనీ కూడా తన జేబులోంచి ఇంకో 360 వేయాలి. తక్కువ కోస్తున్నారంటే మన మీద దయ అనుకోకండి. కోత తగ్గిన ప్రతి రూపాయికీ కంపెనీకి ఒక రూపాయి మిగులుతుంది.

కంపెనీ ఇంకో అర శాతం ఈడీఎల్ఐ అనే బీమాకు కడుతుంది. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఇంట్లోవాళ్లకు 7 లక్షల వరకు వస్తుంది. స్లిప్పులో ఇది కనిపించదు, అందుకే చాలా ఇళ్లలో ఎవరికీ తెలియదు. ఆన్‌లైన్‌లో నామినీ పేరు ఈ వారమే ఎక్కించండి.

పాస్‌బుక్ చూడకుండా స్లిప్పును నమ్మకండి

స్లిప్పులో కోసినట్టు చూపించడం వేరు, ఖాతాలో పడటం వేరు. ఇది చదివి నేర్చుకున్నది కాదు. నా మొదటి ఉద్యోగంలో ఐదు నెలలు పీఎఫ్ కోసి ఒక్క రూపాయి కట్టలేదు. లెక్కల మనిషినై ఉండి కూడా పాస్‌బుక్ తెరవలేదు, రిజైన్ చేశాక చూస్తే ఖాళీ. రాబట్టుకోవడానికి ఏడాది పైన తిరిగాను.

కంపెనీ ఒక నెల పీఎఫ్‌ను మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. కాబట్టి డిసెంబరు కోత జనవరి 15 దాటాక పాస్‌బుక్‌లో కనిపించాలి. కాస్త ఆలస్యమైతే కంగారొద్దు, రెండు నెలలు వరసగా లేదంటే మాత్రం అడగండి. చూసుకోవడానికి ఉమంగ్ యాప్ ఉంది, ఈపీఎఫ్ఓ (పీఎఫ్ సంస్థ) పోర్టల్ ఉంది. యూఏఎన్‌కు, అంటే మీ పీఎఫ్ నంబరుకు, లింకైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇచ్చినా బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. కోసి కట్టకపోవడం నేరం. హెచ్‌ఆర్ నుంచి జవాబు రాకపోతే ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో స్లిప్పులు జతచేసి పెట్టండి. అందుకే స్లిప్పులు డౌన్‌లోడ్ చేసి దాచుకోవాలి. ఉద్యోగం మానేసిన మర్నాడు కంపెనీ పోర్టల్ లాగిన్ పనిచేయదు.

మనవాళ్లకు ఇంకో తలనొప్పి పేర్లు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం, పాన్‌లో ఇంటిపేరు చివర. చేరిన మొదటి నెలలోనే యూఏఎన్‌లో పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో చూసుకోండి. డబ్బు అవసరమైన రోజున దిద్దించుకుందాం అనుకుంటే ఆ రోజు టెన్షన్ రెట్టింపవుతుంది.

నాలుగో పని: ఈఎస్ఐ

కుర్రాడి మొదటి 150 ఇది. మొత్తం జీతం మీద 0.75 శాతం, అంటే 20,000 మీద 150. కంపెనీ 3.25 శాతం, అంటే 650 వేస్తుంది. 2019 జులై నుంచి ఇవే రేట్లు. నెలకు 21,000 వరకు జీతం ఉన్నవాళ్లకే ఇది వర్తిస్తుంది.

ఈ 150కి ఏం వస్తుందో అతనికి ఎవరూ చెప్పలేదు. నవంబరులో వాళ్లమ్మకు జ్వరమొస్తే ప్రైవేటు ఆసుపత్రిలో ఆరు వేలు పెట్టాడట. చేరిన రోజు నుంచే వైద్యం హక్కు. కొడుకు సంపాదన మీదే బతికే తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. తిరుపతిలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. కానీ కంపెనీ అతన్ని నమోదు చేసేటప్పుడు కుటుంబం గడిలో ఎవరి పేరూ రాయలేదు. మీ స్లిప్పులో ఈఎస్ఐ కోత ఉంటే ముందు ఆ కార్డు ప్రింట్ తీసి, ఇంట్లోవాళ్ల పేర్లన్నీ ఉన్నాయో లేదో చూడండి. వైద్యమే కాదు, చందా 78 రోజులు నిండితే, జబ్బుపడి సెలవు పెట్టిన రోజులకు వేతనంలో 70 శాతం వస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా.

రెండు చిక్కులు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక చందా కాలం, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. మధ్యలో ఇంక్రిమెంట్ వచ్చి జీతం 21,000 దాటినా, ఆ ఆరు నెలలు అయ్యేదాకా కోత ఆగదు, వైద్యమూ ఆగదు. "దాటింది కదా, ఇంకా ఎందుకు కోస్తున్నారు" అని జూన్‌లో గొడవపడి లాభం లేదు. రెండోది ఓవర్‌టైమ్. ఓటీ డబ్బు మీద కూడా ఈఎస్ఐ కోస్తారు, కానీ 21,000 దాటిందా లేదా అన్న లెక్కలోకి ఓటీని తీసుకోరు. పీఎఫ్‌కైతే ఓటీతో అసలు సంబంధమే లేదు.

ఐదో పని: వృత్తి పన్ను

రెండో 150 ఇది. ఈఎస్ఐతో అంకె కలిసిపోవడం కాకతాళీయం. ఆంధ్రప్రదేశ్‌లో నెల జీతం 15,000 వరకు ఏమీ లేదు, 15,001 నుంచి 20,000 వరకు 150, ఆ పైన ఎంతున్నా 200. శాతాలు లేవు. కాబట్టి ఓటీ చేసి ఒక్క నెల 20,000 దాటితే ఆ నెల 200 అవుతుంది. బ్రహ్మోత్సవాల నెలలో డబుల్ డ్యూటీలు చేసే హోటల్ కుర్రాళ్లు ఈ 50 తేడా చూసి ఏదో తప్పు జరిగిందనుకుంటారు.

ఇది రాష్ట్రానికి వెళ్లే పన్ను. తిరిగి రాదు. ఏడాదికి 2,500 మించి ఏ రాష్ట్రమూ వేయకూడదని రాజ్యాంగంలోనే ఉంది. సత్యవేడు, నగరి వైపు నుంచి తమిళనాడు ఫ్యాక్టరీలకు వెళ్లేవాళ్లకు మాత్రం వేరు: అక్కడ స్థానిక సంస్థలు ఆరు నెలలకోసారి వసూలు చేస్తాయి. నెలనెలా గీత కనిపించక, ఒక్కసారిగా పెద్ద కోత పడితే అది అదే.

ఆరో పని: ఆదాయపు పన్ను, అంటే టీడీఎస్

మన కుర్రాడి స్లిప్పులో ఈ గీత లేదు, ఉండక్కర్లేదు. 2025-26 ఆర్థిక సంవత్సరం లెక్క ప్రకారం కొత్త పద్ధతిలో ఉన్న ఉద్యోగికి ఏడాది జీతం 12,75,000 దాటకపోతే పన్ను సున్నా. ఇందులో 75,000 స్టాండర్డ్ డిడక్షన్, మిగిలిన 12 లక్షల మీద పన్ను రిబేటులో కొట్టుకుపోతుంది.

దాటినవాళ్ల సంగతి మా బావమరిది లెక్కతో చూద్దాం. ఏడాదికి 14 లక్షలు. 75,000 తీస్తే 13,25,000. మొదటి 4 లక్షలకు ఏమీ లేదు. 4 నుంచి 8 లక్షల మీద 5 శాతం, అంటే 20,000. 8 నుంచి 12 మీద 10 శాతం, 40,000. మిగిలిన 1,25,000 మీద 15 శాతం, 18,750. మొత్తం 78,750. దాని మీద 4 శాతం సెస్సు 3,150. అంటే 81,900. పన్నెండుతో భాగిస్తే నెలకు 6,825. స్లిప్పులో అతనికి పడేది ఇదే. 12,75,000 దాటిన వెంటనే ఆ 20,000, 40,000 కలిపి 60,000 మీద పడిపోతుందేమో అని భయపడేవాళ్లున్నారు, అలా పడదు. 13 లక్షల జీతగాడికి ఆ పరిమితి పైన ఉన్నది 25,000 మాత్రమే కాబట్టి పన్ను ఆ 25,000 దగ్గర ఆగి, పైన సెస్సు కలిసి 26,000 అవుతుంది.

కంపెనీ నెలనెలా కోసేది అంచనా. ఏప్రిల్‌లో మీరు ఏమీ చెప్పకపోతే కొత్త పద్ధతే వేస్తారు. ఇంటి అద్దె, ఎల్ఐసీ, పిల్లల ఫీజులు చూపించే పాత పద్ధతి కావాలంటే మీరే నోరు తెరిచి చెప్పాలి. చెప్పినవాళ్లు జనవరిలో రసీదులు ఇవ్వకపోతే, ఏడాది తగ్గించిన పన్నంతా చివరి మూడు నెలల్లో ఒకేసారి కోస్తారు. మార్చి స్లిప్పు చూసి గుండె ఆగినంత పనైన ఇంజినీర్లు నాకు బాగా తెలుసు. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఇంటి ఓనరు పాన్ అడుగుతారు. పాన్ ఇవ్వని ఓనర్లు మన ఊళ్లో ఎంతమందో మీకే తెలుసు, ఇల్లు దిగేటప్పుడే మాట్లాడుకోండి. అలాగే మీ పాన్ కంపెనీకి ఇవ్వకపోతే, పన్ను కట్టాల్సినంత జీతం ఉన్నవాళ్లకు కనీసం 20 శాతం కోస్తారు.

ఏడాది మధ్యలో కంపెనీ మారితే పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వండి. లేదంటే రెండు కంపెనీలూ ఎవరికి వారు మొదటి నాలుగు లక్షలు, స్టాండర్డ్ డిడక్షన్ వదిలేసి లెక్కగడతాయి. ఆ తేడా జులైలో రిటర్ను వేసేటప్పుడు మీ చేతి నుంచే కట్టాలి. కోసినది ప్రభుత్వానికి చేరిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఉండే ఫారం 26ఏఎస్‌లో తేలుతుంది. కంపెనీ జూన్ 15లోగా ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్, అంటే ఫారం 16తో కలిపి చూసుకోండి.

చిల్లర కోతలు

సంక్షేమ నిధి 30 ఏడాదికోసారి, డిసెంబరులో. దాని గురించి తల బద్దలుకొట్టుకోవద్దు. క్యాంటీన్, బస్సు, యూనిఫాం, పండగ అడ్వాన్స్ లాంటివి కంపెనీకీ మీకూ మధ్య లెక్క. ఇక్కడ మాత్రం గట్టిగా అడగండి: ఎన్ని భోజనాలు, ఒక్కోటి ఎంత? కుర్రాడు వారం రోజులు ఇంటి నుంచి క్యారియర్ పట్టుకెళ్లాడు, అయినా పూర్తి 600 కోశారు. ఫ్యాక్టరీలో అడిగితే టోకెన్ వెనక్కి ఇవ్వాలని నియమం ఉందన్నారట. ఆ నియమం అతనికి ఎవరూ చెప్పలేదు. కోతలన్నీ కలిపి వేతనంలో సగం దాటకూడదని మాత్రం చట్టంలో ఉంది. ప్రభుత్వోద్యోగుల స్లిప్పులో ఏపీజీఎల్ఐ (జీవిత బీమా), జీఐఎస్ (గ్రూపు బీమా), సీపీఎస్ (పెన్షన్), ఈహెచ్ఎస్ (వైద్యం) అని వేరే పేర్లుంటాయి. అక్కడ కూడా ఒక్కో గీతకు ఇవే ప్రశ్నలు: దేని మీద, ఎంత, ఎక్కడ పడింది?

ఫిబ్రవరిలో కుర్రాడు మళ్లీ వచ్చాడు. ఈసారి స్లిప్పు రాకముందే నోట్‌బుక్‌లో లెక్క వేసుకున్నాడట. జనవరిలో 1,900 ఓటీ, మొత్తం 21,900. పీఎఫ్ 1,440, వృత్తి పన్ను 200, క్యాంటీన్ 600, ఈఎస్ఐ 164. చేతికి 19,496 అని రాసుకున్నాడు. అకౌంట్లో 19,495 పడింది.

"ఒక్క రూపాయి తేడా వస్తా ఉందన్నా."

21,900 మీద 0.75 శాతం అంటే 164 రూపాయల 25 పైసలు. ఈఎస్ఐలో పైసలు ఎన్నున్నా పై రూపాయికే ఎక్కిస్తారు, 165. అతను 164ను కొట్టేసి 165 రాసుకుని, నోట్‌బుక్ చంకన పెట్టుకుని డ్యూటీ బస్సుకు వెళ్లిపోయాడు.